ఎడమవైపు నరం

ధమని అనే మాట పనికిరాదని తేలిన రోజు ల్యాబులో అందరికంటే ఎక్కువ సంతోషించింది ప్రసూనే. ఆ మాట మీద ఆమెకు మొదటినుంచీ గురి లేదు.

కాకినాడలో ఆ పరిశోధన కేంద్రం చూడటానికి మామూలు మేడ. కింద షుగర్ ఉన్నవాళ్ళకు ఉచితంగా రక్తపరీక్షలు చేస్తారు. పొద్దున్నే పరగడుపున వచ్చి, చెయ్యి చాపి రక్తం ఇచ్చి, ఎదురుగా ఉన్న హోటల్లో ఇడ్లీ తిని వెళ్ళిపోయేవాళ్ళకు పై అంతస్తులో ఏం జరుగుతోందో అంతగా పట్టదు. పైన నాళదర్శిని ఉంది. బీరువా అంత పెట్టె. అందులో ఒక గొట్టం రక్తం పెడితే, ఆ మనిషి ఒంట్లో ఏ రక్తనాళం గట్టిపడుతోందో, ఎన్నాళ్ళ లోపు ప్రమాదం తెచ్చిపెడుతుందో చెబుతుంది.

నాళాలకు లోపల పల్చటి పొర ఒకటి ఉంటుంది. పాము కుబుసం విడిచినట్టు ఆ పొర కంటికి కనపడని ముక్కల్ని రక్తంలోకి విడుస్తూ ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్ళలో ఈ విడవడం జబ్బు బయటపడటానికి ఏళ్ళ ముందే ఎక్కువవుతుంది. ఏ ముక్క గుండెదో, ఏది కాలిదో, ఏది మెడదో గుర్తుపట్టే ఉపాయం ప్రొఫెసర్ కొండలరావుగారు కనిపెట్టారు. గుర్తుపట్టడం ప్రసూన చేతుల మీదుగా జరిగింది.

మిషన్ మొదటిసారి తడబడకుండా పనిచేసిన రోజున కొండలరావుగారు చలిపెట్టెలోంచి ఒక పాత గొట్టం తీసి ఇచ్చారు. ఎవరిదో చెప్పలేదు. మిషన్ కాసేపు గుర్రుమని, గుండె ముందువైపు నాళం, ఆరు నెలల లోపు అని చూపించింది. ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డారు. ఆ రక్తం ఆయన భార్యది. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. రక్తం తీసిన అయిదో నెలలో, కూరగాయలు తరుగుతూ పక్కకి ఒరిగిపోయిందట. ఆ సంగతి తెలిసినప్పటినుంచి ప్రసూనకు ఆ పెట్టె అంటే గుబులు. తన రక్తం మాత్రం ఇప్పటిదాకా అందులో పెట్టలేదు.

తెలుసుకోవడం అయింది. తెలిసింది చెప్పడం ఎలా అన్న దగ్గర పని ఆగింది. ల్యాబులో ఎవరికీ రోగుల పేర్లు కనపడకూడదని, అంకెలే కనపడాలని, ఫలితం నేరుగా ఆ మనిషికే ఫోనులో మాటగా వినిపించాలని కమిటీ నిర్ణయించింది. పెద్దవాళ్ళు ఎవరో రాసిచ్చిన తెలుగు మాట బయటికి వచ్చింది. మీ వామ గ్రీవా ధమని కాఠిన్యం అని మొదలవుతుంది అది. కింద వరసలో కూర్చున్న రోగులకు దాన్ని వినిపించి చూశారు. ఒకాయన దండం పెట్టాడు, ఏదో మంత్రం అనుకున్నట్టున్నాడు. ఒకావిడ, మా వీధిలో రమణి ఉంది గానీ ధమని ఎవరూ లేరండి, వేరే వాళ్ళకి చెయ్యబోయి నాకు చేసుంటారు అంది.

ప్రసూన ఆ పూటే కూర్చుని మాట మార్చింది. జనం నోట్లో ఉన్న మాట ఒకటే ఉంది, నరం. నర్సు సూది గుచ్చేది నరానికే. చెయ్యి కోసుకుంటే తెగేది నరమే. కోపం వస్తే కణత దగ్గర ఉబ్బేదీ నరమే. ఇక రక్తం పారేది నరం కాదు, నాళం అని పట్టుబట్టేవాళ్ళు పరీక్ష పేపర్లు దిద్దేవాళ్ళు మాత్రమే. మెత్తగా సాగవలసిన నాళం గట్టిపడుతోంది కాబట్టి బిగుసుకుపోవడం అంది. జనం హడలిపోకూడదని వెంటనే అన్న మాట తీసేసి వీలు చూసుకుని అని పెట్టింది.

“మీ మెడలో ఎడమవైపు నరం బిగుసుకుపోతోంది. ఏడాదిన్నర లోపు ప్రమాదం రావచ్చు. వీలు చూసుకుని మా కేంద్రానికి రండి.”

ఈసారి వినిపిస్తే వరసలో ఒక్కరు కూడా మొహం చిట్లించలేదు. అందరూ తలలూపారు, అయ్యో పాపం, నరమంట అని పక్కవాళ్ళకి చెప్పారు. ఇంత చక్కగా ఎక్కిన మాట ఇంకొకటి లేదని కమిటీ మెచ్చుకుంది. ఇంత చక్కగా ఎందుకెక్కిందా అని ఆలోచించాల్సిందే గానీ, మెచ్చుకున్నప్పుడు అలాంటి ఆలోచనలు ఎవరికి వస్తాయి.

ప్రసూన అన్నయ్య సూరిబాబు పెద్దాపురంలో టైలరు. ల్యాబులో అందరి తెల్లకోట్లూ ఆయన కుట్టినవే. ఊళ్ళో చిన్నా పెద్దా ఆయన్ని మాస్టారు అంటారు. షుగరొచ్చి పన్నెండేళ్ళు. టీలో చక్కెర వద్దని గట్టిగా చెబుతాడు, పక్కన బొబ్బట్టు పెడితే మాత్రం మొహమాటానికి పోయి తినేస్తాడు. ముప్ఫై ఏళ్ళు కుట్టుమిషన్ మీదకి వంగి వంగి మెడ ఎప్పుడూ పట్టేసి ఉంటుంది. సాయంత్రానికి తల పక్కకి తిప్పాలంటే మనిషంతా తిరగాలి.

ఆయన్ని రక్తపరీక్షకి రప్పించడానికి ప్రసూన నాలుగుసార్లు అలగాల్సి వచ్చింది. చివరికి వచ్చాడు. సూది దించుతుంటే ఆయన నవ్వి, “చిన్నప్పట్నించీ నా రక్తం తాగుతానే ఉన్నావు, ఇప్పుడు దానికో మిషన్ కూడా కొన్నావా?” అన్నాడు. అందరి గొట్టాలతో పాటు ఆ గొట్టం కూడా ఒక అంకె అయి పైకి వెళ్ళింది. ఆ వారమంతా తెర మీద ఏ అంకె ఎదురుగా మెడ అనో గుండె అనో పడినా, ఇది అన్నయ్యదేమో అని ప్రసూన ఆ అంకెని మళ్ళీ మళ్ళీ చదివేది. తెలుసుకునే దారి లేదు. ఆ నియమం పెట్టాలన్నవాళ్ళలో ఆమె కూడా ఉంది. ఏదైనా ఉంటే ఫోనొస్తుంది, వస్తే అన్నయ్య ముందు తనకే చెబుతాడు అని సర్దిచెప్పుకుంది.

ఆదివారం పొద్దున వదిన అనంతలక్ష్మి ఫోను చేసింది. గోంగూర పచ్చడి పంపిస్తున్నానని, ఈసారి కారం తగ్గించానని చెప్పి, ఏదో గుర్తొచ్చినట్టు నవ్వింది.

“మొన్నెప్పుడో మీ మిషన్ ఫోను చేసిందంటమ్మా మీ అన్నయ్యకి. మెడ నరం బిగుసుకుపోతందని చెప్పిందంట. ఇది చెప్పడానికి రక్తం తియ్యాలా, నా మెడ సంగతి నాకు తెల్దా అని ఒకటే నవ్వు.”

ప్రసూన చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది. అన్నయ్య ఎక్కడున్నాడని అడిగింది.

“అప్పన్న షాపుకెల్లారు. గెడ్డం గీయించుకుని మెడ కూడా ఇరిపించుకొస్తానన్నారు. రెండు మూడు వారాలు వరసగా ఇరిపిస్తే ఎంత బిగుసుకుపోయిన నరమైనా సాపైపోద్దంట.”

అప్పన్న మెడలు ఎలా విరుస్తాడో ప్రసూన చిన్నప్పటినుంచీ చూసిందే. ఒక చెయ్యి గడ్డం కింద, ఒక చెయ్యి నడినెత్తిన. కబుర్లు చెబుతూ చెబుతూ, ఎదుటి మనిషి ఒళ్ళు వదులు చెయ్యగానే ఒక్క తిప్పు. టక్కుమంటుంది. అటోసారి, ఇటోసారి. మామూలు మెడ అయితే చాలామందికి హాయిగానే ఉంటుంది. లోపల ఎండిపోయిన రబ్బరు గొట్టంలా తయారైన నాళాన్ని అలా మెలిపెడితే లోపలి పొర చిరుగుతుంది. చిరిగిన చోట రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ పైకి వెళితే వెళ్ళేది మెదడుకే.

“వదినా, ఉన్నపళంగా షాపుకెళ్ళు. అన్నయ్య మెడ ఎవ్వరినీ ముట్టుకోనివ్వకు.”

వదిన ఎందుకని అడిగింది. అది ఆ నరం కాదని ప్రసూన చెప్పింది.

“మరి ఏ నరం?” అంది వదిన.

ప్రసూన ఎన్ని పుస్తకాలు చదివిందో అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, తెలుగులో ఉన్న ఒక్క మాటనీ తనే పాడుచేసింది. ఏదో ఒకటి, ముందు పరిగెత్తు వదినా, ఫోను పెట్టెయ్యకు అంది. ఆ ఇంటినుంచి అప్పన్న షాపుకి రెండు వీధులు. ప్రసూన భర్త మాధవ్ ఆమె మొహం చూసి ఏమీ అడగకుండా కారు తాళాలు తీశాడు.

కారు కాకినాడ దాటేలోపు ఫోనులో వదిన ఆయాసం, చెప్పుల చప్పుడు, ఎవరో పలకరిస్తే ఉండండి ఉండండి అనడం వినిపించాయి. తర్వాత షాపులో టీవీ పాట. అన్నయ్య గొంతు వినపడగానే ప్రసూనకు ఏడుపొచ్చింది. నవ్వుతున్నాడు.

“అయిపోయిందంటమ్మా. రెండు పక్కలా ఇరిచేశాడంట. పేణం లేచొచ్చినట్టుందంటన్నారు,” అంది వదిన, భయపడాలో వద్దో తేల్చుకోలేని గొంతుతో.

ఫోను అన్నయ్యకిమ్మంది ప్రసూన. ఇంక మెడ కదపొద్దని, బల్ల మీద పడుకోమని, ఆంబులెన్సుని పిలుస్తున్నానని చెప్పింది. ఒక పక్క మాధవ్ తన ఫోనుతో ఆ పనే చేస్తున్నాడు. సూరిబాబు ఎగతాళి చేశాడు. గెడ్డం గీయించుకుంటే ఆంబులెన్సులో ఎక్కించే చెల్లెలు లోకంలో నాకొక్కడికే ఉందని పక్కనున్న అప్పన్నకు చెప్పాడు. ప్రసూన ఆ మాటల్ని అర్థం కోసం వినడం లేదు. ఒక్కొక్క అక్షరం సరిగ్గా పలుకుతున్నాడా లేదా అని వింటోంది. బాగానే పలుకుతున్నాడు. మాట్లాడుతూనే ఉండు అన్నయ్యా అని బతిమాలింది. ఏం మాట్లాడను అంటే ఏదో ఒకటి, కుడుతున్న బట్టల గురించి చెప్పు అంది.

ఆయన చెప్పాడు. కరణంగారబ్బాయి పెళ్ళికి సూటు కుడుతున్నాడట, భుజం దగ్గర కుదరక రెండుసార్లు విప్పి కుట్టాడట. అబ్బాయికి పొట్ట ఎక్కువ, అది దాచడంలోనే ఉంది పనితనమంతా అన్నాడు. సామర్లకోట దాటాక ప్రసూన కాస్త ఊపిరి పీల్చుకుంది. ఏమీ కాకపోవచ్చు. అందరికీ కాదుగా.

“గుండీలు మాత్రం నల్లవి పెట్టమన్నాడు. నేను చెప్పాను, బాబూ, నల్లవి ఉప్పగా ఉంటాయి...”

ప్రసూన ఏమన్నావు అన్నయ్యా అని అడిగింది.

“ఉప్పగా,” అన్నాడాయన. ఆ మాట ఆయనకే కొత్తగా వినపడినట్టు ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టబోయాడు. గుండీలు అనబోయి గు దగ్గర ఆగి, గు, గు అని, చివరికి పొడుగ్గా ఒక మూలుగు. ఫోను కింద పడింది. అప్పన్న మాస్టారూ మాస్టారూ అని పిలవడం, వదిన కేక, టీవీలో పాట, అన్నీ కలిసి వినిపించాయి. ఎవరూ ఫోను ఎత్తలేదు. ప్రసూన దాన్ని చెవికి నొక్కి పట్టుకుని పెద్దాపురం వచ్చేదాకా అలాగే కూర్చుంది.

ఆంబులెన్సు తీసుకెళ్ళిన ఆస్పత్రిలో స్కానింగ్ తీశారు. మెడలో ఎడమవైపు నాళం లోపలి పొర చిరిగింది, అక్కడ కట్టిన గడ్డ మెదడుకి వెళ్ళింది. సమయానికి తెచ్చారు కాబట్టి ప్రాణానికి ఫరవాలేదని డాక్టరు చెప్పాడు. కుడిచెయ్యి సంగతి, మాట సంగతి ఇప్పుడే చెప్పలేమన్నాడు. వదిన ఏడవడం మానేసి ఆయన కుడిచేతి బొటనవేలు పట్టుకుని కూర్చుంది. సూది తోసీ తోసీ కాయలు కాసిన వేలు అది. సూరిబాబు కళ్ళు తెరిచే ఉన్నాడు. ప్రసూనని చూసి గుర్తుపట్టాడు. ఏదో చెప్పాలని నోరు కదిపాడు, రాలేదు. ఆ కళ్ళలో ఉన్న భయాన్ని ఆమె ఇంతకు ముందు ఏ రోగిలోనూ చూడలేదు. చూసే ఉంటుంది, వాళ్ళెవరూ అన్నయ్య కాకపోవడం వల్ల పట్టించుకుని ఉండదు.

మధ్యాహ్నానికి కొండలరావుగారు వచ్చారు. వదిన దగ్గరికి వెళ్ళి చేతులు పట్టుకున్నారు. ఆయన దుఃఖం నటన కాదు. తర్వాత ప్రసూనని వరండాలోకి పిలిచి, ఇలాంటప్పుడు అనకూడదు గానీ అని నసిగి, మెడ విషయంలో మన మిషన్ చెప్పింది నిజమవడం ఇదే మొదటిసారి అన్నారు.

ఇది మిషన్ చెప్పిన ప్రమాదం కాదని ప్రసూన అంది. మనం పంపిన మాట విని ఆయన మెడ విరిపించుకున్నాడు, వినకపోతే విరిపించుకునేవాడో లేదో, ఏ మందులతోనో బాగుపడి ఉండేవాడు అంది.

“ఏడాదిన్నర లోపు అన్నాం కదమ్మా,” అన్నారాయన మెల్లగా. “ఇది లోపే కదా.”

ప్రసూన ఆయన మొహంలోకి చూసింది. స్వార్థం కనపడితే బాగుండునని చూసింది. ఉన్నది భయం ఒక్కటే. దీన్ని మన తప్పుగా రాస్తే మిషన్ ఆపేస్తారు, ఆపితే కూరగాయలు తరుగుతూ ఒరిగిపోయేవాళ్ళని ఎవరు ఆపుతారు, ఆయన భయం అది. ఎదుటివాళ్ళు పోతారన్న భయంతోనే ఆయన అన్నయ్యని మిషన్ చెప్పింది నిజమైన లెక్కలో వేసుకుంటున్నారు. ఇలాంటి మనిషితో ఎలా పోట్లాడాలో ఆమెకు తెలియలేదు.

లెక్క సంగతి తర్వాత, ఈ మెడ మాట ఇంకా ఎంతమందికి వెళ్ళిందని అడిగింది. ఆయన తల వంచుకుని, నలభై మందికి పైనే అన్నారు.

నలభై మెడలు. అందరూ షుగర్ ఉన్నవాళ్ళు, అందరికీ బాగా అర్థమైంది, అందరి వీధిలోనూ ఒక అప్పన్న ఉంటాడు. వాళ్ళలో ఏ ఒక్కరు పడిపోయినా మిషన్ చెప్పింది ఇంకోసారి నిజమైనట్టే లెక్క పడుతుంది. నిజమైన కొద్దీ అందరికీ నమ్మకం పెరుగుతుంది, అదే మాట ఇంకా ఎక్కువమందికి వెళుతుంది. ఈ తలపు రాగానే ప్రసూన పేర్లు తెరవమంది. నియమం ఒప్పుకోదని ఆయన అనబోయి, తలుపు అద్దంలోంచి లోపల మంచం వైపు చూసి, జేబులోంచి ఫోను తీసి ల్యాబుకి చేశారు. నంబర్లు వచ్చాక సగం ఆయన తీసుకున్నారు.

ప్రసూన వరండాలో నేలమీద కూర్చుని ఫోన్లు మొదలుపెట్టింది. తునిలో ఒకాయన నరాల డాక్టరుకి చూపించుకుని బలానికి సూదులు వేయించుకుంటున్నాడు, కొంచెం నయమేనన్నాడు. జగ్గంపేటలో ఒకావిడకి కోడలు రోజూ వేడినూనెతో గట్టిగా రుద్దుతోంది. ఒకాయన ఇప్పటికి రెండుసార్లు విరిపించుకున్నానని, మీరు ముందే చెప్పడం మంచిదయిందని మెచ్చుకున్నాడు. అతన్ని కదలకుండా ఆంబులెన్సు ఎక్కించడానికి ఇంటిల్లిపాదితో వాదించాల్సి వచ్చింది. ఒక నంబరు ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

అడిగినవాళ్ళకల్లా ఏ నరమో చెప్పాల్సి వచ్చేది. చెప్పగా చెప్పగా మాటలు కొంచెం కుదిరాయి. పిఠాపురంలో పెద్దాయన ఫోను ఎత్తాడు. డెబ్భై దాటినట్టుంది గొంతు. ప్రసూన తొందరపడకుండా, ఒక్కొక్క మాట విడివిడిగా చెప్పింది. గుండె దగ్గరనుంచి తలకి నెత్తురు మోసుకెళ్ళే గొట్టం ఉంటుంది తాతగారూ, అది మెడలోంచి పోతుంది, మీకు అది లోపల గట్టిపడింది, మెడని నొక్కినా తిప్పినా చిరుగుతుంది, ఎవ్వరినీ ముట్టుకోనివ్వకండి, రేపే మా దగ్గరికి రండి, కారు నేనే పంపిస్తాను.

పెద్దాయన మధ్యలో అడ్డు రాలేదు. ఊ కొడుతూ అంతా విన్నాడు. చివర్న అర్థమైందా తాతగారూ అని అడిగింది.

“ఎందుకర్థం కాదమ్మా. నరం గురించే గదా,” అన్నాడు పెద్దాయన. “మొన్న కూడా ఇదే చెప్పారు. మా అల్లుడుగారికి మెడ తిప్పడం బాగా తెలుసు, అందుకే ఊర్నించి రమ్మన్నాం. ఇప్పుడే దిగారు.”

వద్దు తాతగారూ, వద్దండీ అని ప్రసూన వరండా అంతా వినపడేలా అరిచింది. అవతల పెద్దాయన ఫోను అప్పటికే బల్ల మీద పెట్టేశాడు. ఎవరో కాళ్ళు కడుక్కుంటున్న చప్పుడు వినిపించింది. తర్వాత పెద్దాయన కుర్చీ ముందుకి జరుపుకోవడం వినిపించింది.